మోడింగ్ గ్రూపులో ఏఐ కంటెంట్‌కి లేబుల్ ఎలా పెట్టించాలి, ఎలా చెక్ చేయాలి

"ఈ లివరీ ఏఐతో చేసిందా, చేత్తో చేసిందా?" మోడ్‌లు, అంటే గేములకి ఆడేవాళ్లే చేసి కలిపే మార్పులు, పంచుకునే ఏ తెలుగు గ్రూపులో చూసినా వారానికి రెండుసార్లైనా ఈ ప్రశ్న వస్తుంది. (లివరీ అంటే గేమ్‌లో బస్సు మీద వేసే రంగులు, రాతల డిజైన్.) తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు, చేసినవాడికి ఒళ్లు మండుతుంది, మోడ్ సంగతి అందరూ మర్చిపోతారు. రూల్ ఎలా రాసుకోవాలి, ఎవరైనా దాచిపెడితే ఎలా తెలుసుకోవాలి, తెలిశాక ఏం చేయాలి అని కొత్త అడ్మిన్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడుతున్నాను.

నేను నాలుగేళ్లుగా ఒక చిన్న గ్రూపుకి మోడరేటర్‌ని. మా దగ్గర ఎక్కువగా నడిచేవి బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా లివరీలు, జీటీఏ శాన్ ఆండ్రియాస్ మోడ్‌లు. కొంతమంది స్కైరిమ్, మైన్‌క్రాఫ్ట్ గేముల వాళ్లూ ఉన్నారు. మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి ముందే చెప్పాలి. ఒక కుర్రాడు పల్లె వెలుగు బస్సు లివరీ పెట్టాడు. రంగులు మరీ నున్నగా కనిపించాయి. ఏఐ చేసిందో కాదో చెప్తామనే ఒక డిటెక్టర్ సైట్‌లో వేసి చూస్తే ఏఐ అని చూపించింది. తీసేశాను, అందరి ముందూ అతని పేరు పెట్టి రాశాను. మర్నాడు అతను లేయర్లతో (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు) ఉన్న అసలు ఫైల్ పంపాడు. అరవైకి పైగా లేయర్లు. కిటికీల కింద వానకి కారిన తుప్పు మరకలు ఒక్కొక్కటీ విడిగా గీశాడు. క్షమించమని గ్రూపులోనే అడిగాను. అతను మళ్లీ ఏదీ అప్‌లోడ్ చేయలేదు. కింద రాసినవన్నీ అలాంటిది ఇంకొకరికి జరగకూడదని నేర్చుకున్నవే.

కావాల్సినవి

మోడరేటర్లు కనీసం ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరైనా ఆ గేమ్ ఆడేవాళ్లై ఉండాలి. ఒక గూగుల్ షీట్. బొమ్మలు తెరిచి చూడటానికి గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఆడియోకి ఆడాసిటీ, స్క్రిప్టులు చదవడానికి ఏదో ఒక టెక్స్ట్ ఎడిటర్. స్కైరిమ్, ఫాల్అవుట్ మోడ్‌లు చూసేటట్లయితే ఆ గేముల ఆర్కైవ్‌లు, అంటే మూటకట్టిన ఫైళ్లు, విప్పే బెథెస్డా ఆర్కైవ్ ఎక్స్‌ట్రాక్టర్ కూడా. వారానికి ఒక గంట టైమ్. డబ్బు పెట్టి డిటెక్టర్ కొనక్కర్లేదు. ఎందుకో ఐదో స్టెప్పులో చెప్తాను.

1. లేబుళ్లు నాలుగే పెట్టుకోండి

"ఏఐ వాడారా, అవునా కాదా" అని అడిగితే సగంమంది నిజాయితీగానే తప్పు జవాబు చెప్తారు. బొమ్మ మొత్తం ఏఐతో చేయించినవాడూ, పాత టెక్స్చర్‌ని (గేమ్‌లో గోడ, నేల లాంటివాటి మీద పరిచే బొమ్మ) పెద్దది చేసినవాడూ ఇద్దరూ అవునే అనాలి మరి. అందుకే ఏం చేశారో అడగండి. మా లేబుళ్లు ఇవి:

ఏఐ తయారీ: బొమ్మ, గొంతు, కథ, కోడ్‌లో ఏదో ఒకటి ప్రధానంగా ఏఐ ఇచ్చిందే వాడారు.

ఏఐ సాయం: పని మనిషిదే, మధ్యలో కొన్ని ముక్కలు ఏఐవి. ఉదాహరణకి బస్సు మొత్తం చేత్తో గీసి, వెనక అద్దం మీద దేవుడి బొమ్మ మాత్రం ఏఐతో చేయించడం.

ఏఐ అప్‌స్కేల్: ఉన్న టెక్స్చర్‌నే ఏఐతో పెద్దది చేశారు. దీన్ని విడిగా ఉంచాలి. 2018లో ఈఎస్‌ఆర్‌గ్యాన్ అనే బొమ్మలు పెద్దవి చేసే ఏఐ వచ్చినప్పటి నుంచి 2002 నాటి మోరోవిండ్ లాంటి గేములకి మోడర్లు ఈ పని చేస్తూనే ఉన్నారు, దాని మీద పెద్దగా గొడవలు లేవు. దీన్నీ మొదటి లేబుల్లో కలిపేస్తే పాత మోడర్లంతా మీ మీద విరుచుకుపడతారు.

లైవ్ ఏఐ: గేమ్ ఆడుతుండగానే ఏఐ పనిచేస్తుంది. స్కైరిమ్‌లో మాంటెల్లా అనే మోడ్ పెట్టుకుని మైక్‌లో మాట్లాడితే పాత్రలు అప్పటికప్పుడు బదులిస్తాయి. ఇలాంటి మోడ్ పెట్టేవాళ్లు రెండు విషయాలు అదనంగా చెప్పాలి: ఆడేవాళ్ల మాటలు బయటి సర్వర్‌కి వెళ్తాయా, దానికి డబ్బు కట్టాలా. గేములు అమ్మే స్టీమ్ సైట్ కూడా 2024 జనవరిలో గేములకి పెట్టిన నియమంలో ముందే తయారుచేసిన ఏఐ కంటెంట్‌నీ, ఆడుతుండగా తయారయ్యేదాన్నీ వేరువేరుగానే చూసింది.

స్పెల్లింగ్ దిద్దుకోవడం, కోడ్ ఎడిటర్ ఒక లైన్ పూర్తిచేసి ఇవ్వడం లాంటివాటికి లేబుల్ అడగకండి. అడిగితే ప్రతి మోడ్‌కీ లేబుల్ పడుతుంది, ఇక దాన్ని ఎవరూ చూడరు.

2. లేబుల్ ఎక్కడ ఉండాలో ఖాయం చేయండి

డిస్కార్డ్ అయితే మోడ్‌ల కోసం ఫోరమ్ ఛానెల్ పెట్టి, ఈ నాలుగింటినీ ట్యాగులుగా చేయండి. "ఏఐ వాడలేదు" అని ఐదో ట్యాగ్ కూడా పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో ట్యాగ్ ఎంచుకోకుండా పోస్ట్ చేయడం కుదరకుండా ఆన్ చేయండి. ఆ ఐదో ట్యాగ్ చాలా ముఖ్యం. అది లేకపోతే మర్చిపోయినవాడికీ, నిజంగానే వాడనివాడికీ తేడా తెలియదు. వద్దనుకునేవాళ్లు ట్యాగుతో వడపోసుకుంటారు. మోడ్‌లు పంచుకునే పెద్ద సైట్ నెక్సస్ మోడ్స్‌లో కూడా ఏఐ కంటెంట్‌కి ట్యాగ్ ఉంది, ఇష్టం లేనివాళ్లు దాన్ని బ్లాక్ చేసుకోవచ్చు.

టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో అసలు చిక్కు ఫార్వర్డ్‌తో వస్తుంది. చాలాసార్లు ఫైల్ ఒక్కటే వెళ్తుంది, విడిగా రాసిన మాటలు ఇక్కడే ఉండిపోతాయి. కాబట్టి లేబుల్ ఫైల్‌తోపాటే ప్రయాణం చేయాలి. జిప్ ఫైల్ పేరు మొదట్లోనే ఇంగ్లిష్‌లో AI అని పెట్టించండి, లోపల ఒక రీడ్‌మీ (వివరాలు రాసే చిన్న టెక్స్ట్ ఫైల్) కూడా పెట్టించండి.

జాగ్రత్త: జిప్ పేరు మాత్రమే మార్చాలి. లోపలి ఫైళ్ల పేర్లు మారిస్తే గేమ్ వాటిని వెతుక్కోలేక మోడ్ పనిచేయదు. ఫైల్ పేరులో తెలుగు అక్షరాలు కూడా వద్దు, కొన్ని గేములు చదవలేవు.

రీడ్‌మీలో నాలుగు లైన్లు చాలు. మా దగ్గర పిన్ చేసి ఉంచిన నమూనా ఇది:

"లేబుల్: ఏఐ సాయం. ఏఐతో చేసినవి: వెనక అద్దం మీద బొమ్మ ఒక్కటే. వాడిన టూల్: స్టేబుల్ డిఫ్యూజన్ (బొమ్మలు చేసే ఏఐ). చేత్తో చేసినవి: మిగతా బాడీ, అక్షరాలు, రంగులు అన్నీ."

నాలుగో లైన్ తప్పకుండా ఉంచండి. చేత్తో పడిన కష్టం చెప్పుకునే చోటు ఉంటేనే మిగతా మూడు లైన్లూ మనసారా నింపుతారు.

3. గొంతుకి వేరే రూల్ పెట్టండి, గట్టిగా పెట్టండి

బొమ్మల విషయంలో నేను మెత్తగా ఉంటాను. గొంతు దగ్గర మాత్రం అలా కుదరదు. గొంతు ఒక మనిషిది, అతని బతుకుతెరువు అది.

2021లో విచర్ 3 గేమ్‌కి వచ్చిన ఒక మోడ్‌లో హీరో గెరాల్ట్ గొంతును ఏఐతో చేశారు. అప్పుడే నటుల నుంచి అభ్యంతరాలు మొదలయ్యాయి. 2023లో స్కైరిమ్ నటుల గొంతులతో వాళ్ల అనుమతి లేకుండా అశ్లీల మోడ్‌లు చేశారని ఇంకా పెద్ద గొడవ అయింది. అమెరికాలో వీడియో గేమ్ నటులు 2024 జులైలో సమ్మెకి దిగారు, అందులో ప్రధాన డిమాండ్ ఏఐ నుంచి రక్షణే. మన దగ్గరా అంతే. అనిల్ కపూర్ గొంతు, రూపం, పేరు అనుమతి లేకుండా వాడొద్దని 2023లో ఢిల్లీ హైకోర్టు ఆదేశం ఇచ్చింది. ఏఐతో గొంతు అనుకరించడం మీద గాయకుడు అరిజిత్ సింగ్‌కి 2024లో బాంబే హైకోర్టులో ఊరట దొరికింది. 2025 సెప్టెంబర్‌లో నాగార్జునకి ఢిల్లీ హైకోర్టు, చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ఇలాంటి రక్షణే ఇచ్చాయి. కాబట్టి జీటీఏలో హీరో స్కిన్ పెట్టి, ఆ హీరో గొంతు క్లోన్ చేసి డైలాగులు చెప్పించే మోడ్‌లు సరదా కోసం చేసినా సరే, మీ గ్రూపులో ఉంచకండి.

మా రూల్ ఇలా ఉంటుంది: సొంత గొంతు, లేదా టూల్‌తో వచ్చే రెడీమేడ్ గొంతు, లేదా గొంతు ఇచ్చినవాళ్లు రాసి ఇచ్చిన అనుమతి. ఈ మూడింటిలో ఒకటి ఉండాలి. స్నేహితుడి గొంతైనా ఒక మెసేజ్ స్క్రీన్‌షాట్ అడుగుతాం. నిజమైన మనిషి గొంతుతో, ముఖంతో అశ్లీలంగా చేసినదైతే ముందు తీసేస్తాం, మాటలు తర్వాత. అక్కడ గడువు ఇవ్వం.

మరో దారి: గొంతు దొరక్క ఏఐ వైపు వెళ్లేవాళ్లే ఎక్కువ. "గొంతు ఇస్తారా" అని ఒక ఛానెల్ తెరవండి. మా గ్రూపులో ఒకరి అమ్మగారు కండక్టర్ డైలాగులు చెప్పి పెట్టారు. "చిల్లర లేదు బాబూ, దిగేటప్పుడు తీసుకో" అని ఆవిడ అన్నట్టు ఏ ఏఐ గొంతూ ఇంతవరకు అనలేదు.

4. ఫైల్ తెరిచి చూడండి

అన్నీ చెక్ చేయలేరు, అక్కర్లేదు కూడా. ఫిర్యాదు వచ్చినవి, ఎక్కువ డౌన్‌లోడ్ అయినవి చూడండి. ఏది ఎలా చూడాలంటే:

లివరీలు. ముందు తెలుగు అక్షరాలు చూడండి. బొమ్మని 400 శాతం జూమ్ చేసి "పల్లె వెలుగు" అన్న బోర్డు దగ్గర ఆగండి. ఏఐ గీసిన అక్షరాలు దూరం నుంచి తెలుగులాగే ఉంటాయి. దగ్గరికి వెళ్తే "ల్లె"లో లావత్తు ఉండదు, లేదా దాని చోట ఒక మెలిక ఉంటుంది. "వె"కి ఉండాల్సిన ఎత్వం తలకట్టులాగా చదునుగా ఉంటుంది. ఒకే మాట బస్సుకి రెండు వైపులా రెండు రకాలుగా ఉంటుంది. మనిషి చేసినదైతే మామూలుగా అక్షరాలు ఫాంటులోంచి వస్తాయి కాబట్టి ఒకే అక్షరం ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. అయితే ఏఐ టూల్స్ తెలుగు రాయడం మెల్లగా నేర్చుకుంటున్నాయి, కాబట్టి అక్షరాలు సరిగ్గా ఉన్నాయి కదా అని ఏఐ కాదని తేల్చేయకండి. తర్వాత రివెట్లు, కిటికీల రబ్బరు అంచులు, నంబర్ ప్లేటు చూడండి.

పీఎన్‌జీ ఫైల్ అయితే మెటాడేటా, అంటే బొమ్మ ఫైల్‌లోనే దాగి ఉండే వివరాలు, కూడా చూడండి. స్టేబుల్ డిఫ్యూజన్ వెబ్ యూఐ తాను చేసిన బొమ్మలో ప్రాంప్ట్‌ని (ఏఐకి ఇచ్చిన ఆదేశం) రాసిపెడుతుంది, కంఫీయూఐ అనే ఇంకో టూల్ చేసిన పని వరస (వర్క్‌ఫ్లో) మొత్తం రాసిపెడుతుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి లైన్లలోనే కనిపిస్తుంది. ఇది దొరికితే ఇక చర్చ అక్కర్లేదు. దొరకలేదంటే మాత్రం దాని అర్థం ఏమీ లేదు. ఎడిట్ చేసి మళ్లీ సేవ్ చేసినా, గేములు వాడే డీడీఎస్ ఫార్మాట్‌లోకి మార్చినా, స్క్రీన్‌షాట్ తీసినా ఆ సమాచారం పోతుంది.

టెక్స్చర్లు. గోడ, నేల టెక్స్చర్‌ని మూడు వరసల్లో మూడేసి పక్కపక్కన పేర్చండి. అంచులు అతకకపోతే గేమ్‌లో గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ఏఐతో చేసి నేరుగా పెట్టేసినవాటిలో ఈ తప్పు బాగా కనిపిస్తుంది. అప్‌స్కేల్ చేసినవాటిలో బోర్డుల మీద రాతలు చూడండి. 2021లో పాత గేములకి మెరుగులు దిద్ది తెచ్చిన జీటీఏ ట్రిలజీ రీమాస్టర్‌లో టఫ్ నట్ డోనట్స్ బోర్డు మీద ఉండాల్సిన బోల్టుకి బిగించే ఆరు మూలల నట్టు గుండ్రంగా మారిపోయింది, ఆ బోర్డులో ఉన్న చమత్కారమే పోయింది. చూసి దిద్దే మనిషి లేకపోతే పెద్ద స్టూడియోలకే అలా అవుతుంది.

గొంతులు. స్కైరిమ్ మోడ్ అయితే ఆర్కైవ్ విప్పి సౌండ్ ఫోల్డర్‌లో వాయిస్ దగ్గరికి వెళ్లండి. ప్లగిన్ (మోడ్ అసలు ఫైల్) పేరుతో ఒక ఫోల్డర్, దానిలో మేల్‌నార్డ్, ఫిమేల్‌ఈవెన్‌టోన్డ్ లాంటి గొంతుల పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి. అసలు గేమ్‌లోని గొంతు పేరు కింద కొత్త డైలాగుల ఫైళ్లు ఉంటే మూడు అవకాశాలున్నాయి. ఏఐతో చేసి ఉండొచ్చు, నిశ్శబ్దంగా ఉండే ఖాళీ ఫైళ్లు కావొచ్చు, లేదా స్ప్లైసింగ్ కావొచ్చు. స్ప్లైసింగ్ అంటే గేమ్‌లో ఉన్న పాత డైలాగులనే మాటమాటగా కోసి అతికించడం, ఏఐ రాకముందు నుంచీ మోడర్లు చేస్తున్న పని. ఇందులో అతుకుల దగ్గర ఊపిరి తెగినట్టు వినిపిస్తుంది. దాన్ని విని ఏఐ అనుకునేవాళ్లు చాలామంది. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపే వ్యూ) పెట్టి చూస్తే అతుకు దగ్గర వెనక శబ్దం ఒక్కసారిగా మారడం కంటికే తెలుస్తుంది.

కోడ్. ముందు కంపైల్ చేయండి, అంటే గేమ్ చదవగలిగే రూపంలోకి మార్చి చూడండి. ఏఐ రాసిన పాపిరస్ (స్కైరిమ్ కోడ్ భాష) స్క్రిప్టుల్లో అసలు లేని ఫంక్షన్లు నమ్మకంగా పిలిచి ఉండొచ్చు. మైన్‌క్రాఫ్ట్ మోడ్‌లలో, మోడ్‌లని నడిపే రెండు వేరువేరు పద్ధతులైన ఫోర్జ్, ఫాబ్రిక్‌ల కోడ్ కలగలిసిపోయి ఉండొచ్చు. ఇక్కడ లేబుల్ కన్నా పెద్ద విషయం భద్రత. 2023 జూన్‌లో కర్స్‌ఫోర్జ్ అనే మోడ్‌ల సైట్‌లోని మైన్‌క్రాఫ్ట్ మోడ్‌లలోకి ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ చొరబడింది. అది ఏఐ వల్ల రాలేదు. కానీ తాను పెట్టిన కోడ్ ఏం చేస్తుందో పెట్టినవాడే చెప్పలేకపోతే ఆ మోడ్ ఉంచకూడదు. మేం అడిగేది ఒకటే: "ఈ ఫైల్ నెట్‌లోకి ఎందుకు వెళ్తోంది?" జవాబు రాకపోతే దాచేస్తాం.

5. అనుమానం వస్తే విడిగా అడగండి

డిటెక్టర్ చెప్పింది సాక్ష్యం కాదు. ఓపెన్‌ఏఐ సంస్థే తన టెక్స్ట్ డిటెక్టర్‌ని 2023 జనవరిలో పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని జులైలో తీసేసింది. తయారుచేసినవాళ్లకే నమ్మకం లేని పద్ధతి మీద ఆధారపడి ఒక కుర్రాడి ఆరు రాత్రుల పనిని తీసేయకండి.

మెసేజ్ విడిగా పంపండి. నేను పంపేది ఇలా ఉంటుంది:

"బ్రో, లివరీ బాగుంది. 'ఏఐ వాడలేదు' ట్యాగ్ పెట్టారు కదా, ఎడమవైపు బోర్డులో అక్షరాలు చూసి ఒకరు డౌట్ అడిగారు. లేయర్లున్న ఫైల్ గానీ, మధ్యలో తీసిన స్క్రీన్‌షాట్ గానీ ఉంటే పంపండి. ఏదైనా ముక్క ఏఐతో చేసి ఉంటే ట్యాగ్ మార్చేయండి చాలు, ఏం ఇబ్బంది లేదు. మూడు రోజుల్లో చూసి చెప్పండి."

గొంతుకైతే రికార్డ్ చేసిన అసలు ఫైళ్లు, తప్పు చెప్పి మళ్లీ చెప్పినవి కూడా అడగండి. కోడ్‌కైతే పాత వెర్షన్లు. ఫోన్‌లోనే లివరీ చేసేవాళ్లు మన దగ్గర చాలామంది, వాళ్ల యాప్‌లో లేయర్లు సేవ్ అవ్వవు. అలాంటప్పుడు చిన్న మార్పు ఒకటి చేసి పంపమనండి, "బోర్డులో ఊరి పేరు మార్చి మళ్లీ ఇస్తారా" అని. చేత్తో చేసినవాడికి అది కాసేపట్లో అయ్యే పని.

జాగ్రత్త: ఈ మెసేజ్ రెండో మోడరేటర్ చూశాకే పంపండి. మీకు నచ్చని మనిషి విషయంలో ఇది మరీ అవసరం.

6. నిర్ణయం, దానికి మెట్లు

మొదటిసారి తప్పు ట్యాగ్ పెడితే ట్యాగ్ మార్పించి వదిలేయండి, గ్రూపులో ప్రకటన వద్దు. జవాబు రాకపోతే మూడు రోజుల తర్వాత పోస్ట్ దాచండి, డిలీట్ చేయకండి. పరీక్షలు రాస్తూ ఉండొచ్చు, ఫోన్ పోయి ఉండొచ్చు. అడిగాక కూడా అబద్ధం చెప్పి, అది రుజువైతే నెల రోజులు అప్‌లోడ్ ఆపండి. ఇంకొకరి లివరీని ఏఐలో వేసి కొంచెం మార్చి సొంతమని పెడితే అది దొంగతనమే. అక్కడ ఏఐ రూల్ తీయక్కర్లేదు, మీ పాత రూలే సరిపోతుంది.

ప్రతి నిర్ణయం షీట్‌లో రాయండి: తేదీ, మోడ్, ఎవరు అనుమానించారు, ఏం చూశారు, ఏం తేల్చారు.

7. కామెంట్లలో కోర్టు పెట్టనివ్వకండి

చాలా గ్రూపులు పాడయ్యేది ఇక్కడే. లేబుల్ పెట్టి నిజాయితీగా చెప్పినవాడి పోస్ట్ కింద "ఏఐ చెత్త" అని పది మంది రాస్తారు. లేబుల్ పెట్టనివాడికి పూల దండలు పడతాయి. ఇక రేపటి నుంచి ఎవరు నిజం చెప్తారు? కాబట్టి రూల్ రెండువైపులా ఉండాలి. లేబుల్ ఉన్న పోస్ట్ కింద ఏఐ వాడినందుకు తిడితే కామెంట్ తీసేయాలి. మోడ్‌లో లోపం చెప్పొచ్చు, అక్షరం తప్పు ఉంది, అంచు అతకలేదు అనొచ్చు. లేబుల్ లేని పోస్ట్ మీద అనుమానం ఉంటే కామెంట్లో రాయకుండా మోడరేటర్లకి పంపాలి. అనుమానం నిజమైనా సరే, కామెంట్లో రాసినది తీసేస్తాం.

మొదటి వారం దీనికి మీరు బాగా తిట్లు తింటారు. రూల్ వదలకండి.

8. పనిచేస్తోందో లేదో చూసుకోండి

నెలకోసారి లాటరీ తీసినట్టు పది పోస్టులు తీయండి. మూడు లెక్కలు చూడండి. పదిలో ఎన్నింటికి ట్యాగ్, రీడ్‌మీ రెండూ ఉన్నాయి? అనుమానించిన వాటిలో ఎన్ని తప్పని తేలాయి? "ఏఐ సాయం" ట్యాగ్ ఎన్నింటికి పడింది?

మూడోది అన్నిటికన్నా ఎక్కువ చెప్తుంది. గ్రూపులో అన్నీ "ఏఐ వాడలేదు" అనే ఉంటే సంతోషపడకండి. జనం దాస్తున్నారన్నమాట, ఏడో స్టెప్ దగ్గర ఏదో జారింది. మధ్యలో ఉండే "ఏఐ సాయం" బాగా కనిపిస్తుంటే భయం లేకుండా చెప్తున్నారని అర్థం. అనుమానించిన వాటిలో సగానికి పైగా తప్పని తేలితే మోడరేటర్లు కొన్నాళ్లు అడగడం తగ్గించి, చేత్తో చేసిన మంచి లివరీలు నాలుగు దగ్గర పెట్టుకుని జూమ్ చేసి చూడటం అలవాటు చేసుకోవాలి.

పాత పోస్టుల సంగతి కూడా అడుగుతుంటారు. రూల్ పెట్టకముందు వచ్చినవాటిని తవ్వకండి. వాటన్నిటికీ "రూల్‌కి ముందుది" అని ఒక ట్యాగ్ వేసేయండి, చేసినవాళ్లు వచ్చి మార్చుకుంటే మార్చుకుంటారు. మా దగ్గర అలా మూడు వందలకు పైగా పోస్టులు ఉంటే, ఎవరూ అడగకుండానే నలభై మంది దాకా వచ్చి తమవాటికి సరైన ట్యాగ్ పెట్టుకున్నారు. గొంతు మోడ్‌లకి మాత్రం ఈ మినహాయింపు ఇవ్వకండి, ఎంత పాతవైనా మూడో స్టెప్ ప్రకారమే చూడండి.